సహజంగా ఉండుటకు శిక్షణ

రైల్వే స్టేషన్లో దింపే బస్సు డ్రైవరుకి కూడా పేరు గుర్తుండిపోయిందంటే, ఆ మనిషి సైన్యంలో ఎంత దూరం వెళ్లాడో వేరే చెప్పక్కర్లేదు. మజ్జి సోమేశ్వర్ సరిగ్గా బోర్డు గేటు నుంచి రైల్వే స్టేషను దాకా వెళ్లాడు. అదీ నాలుగేళ్లలో ఐదుసార్లు.

సైన్యంలో ఆఫీసరు కావాలంటే రాతపరీక్ష ఒక్కటే పాసైతే చాలదు. ఉత్తరాదిన ఒక ఊళ్లో ఎంపిక బోర్డు ఉంది. అక్కడ ఐదు రోజులు ఉండాలి. ఆఫీసరు లక్షణాలు మీలో ఉన్నాయో లేవో ఆ ఐదు రోజుల్లో వాళ్లు కనిపెడతారు. బొమ్మ చూపించి కథ రాయమంటారు. మాట చూపించి వాక్యం రాయమంటారు. తాడూ, చెక్క పలకా, డ్రమ్మూ ఇచ్చి లేని నదిని దాటమంటారు. ఐదో రోజు మధ్యాహ్నం ఎంపికైనవాళ్ల నంబర్లు చదివి, మిగిలినవాళ్లని బస్సెక్కిస్తారు. ఎందుకు చదవలేదో మాత్రం చెప్పరు. అది దేశ రక్షణకి సంబంధించిన రహస్యం.

ఐదోసారి బస్సు దిగుతుంటే డ్రైవరు, "సోమేష్ సాబ్, మళ్లీ చలికాలంలో వస్తారా, ఎండలు ముదిరాకా?" అని అడిగాడు. ఎగతాళికి కాదు, పాపం ఆప్యాయంగానే అడిగాడు. సోమేశ్వర్ కూడా అంతే మర్యాదగా, "చలికాలం అయితే బాగుంటుంది భాయ్, ఎండాకాలం మీకు ఉక్కపోత ఎక్కువ" అన్నాడు. ఓడిపోవడంలో అతనికి అంత అనుభవం వచ్చేసింది.

కానీ ఆరోసారి తరవాత ఏడోసారి లేదు. జూలైకి వయసు గీత దాటిపోతుంది. ఆ తరవాత ఆఫీసరు లక్షణాలు కుప్పలుగా ఉన్నా బోర్డుకి పనికిరావు.

ఇంట్లో అతను సోములే. విజయనగరంలో బస్సుల కాంప్లెక్సుకి కాస్త దూరంలో, వాళ్ల నాన్న సూరన్న టిఫిన్ సెంటరు నడుపుతాడు. సోములు ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఆర్మీ ఆఫీసరు జీపాపి అక్కడ రెండు పెసరట్లు తిన్నాడు. వెళ్తూ వెళ్తూ సూరన్న వైపు తిరిగి, "థాంక్యూ సర్" అన్నాడు. అట్లకాడ పట్టుకుని నిలబడ్డ తన తండ్రిని ఒక మనిషి "సర్" అనడం సోములు వినడం అదే మొదలు. అలాంటి మనిషిని అయిపోవాలని ఆ పూటే అనుకున్నాడు. అంతటి ఆశయం ఉన్నవాడు బోర్డుకి వెళ్లినప్పుడల్లా టిఫిన్ సెంటరు సంగతి ఎందుకు దాచాడో ముందుముందు తెలుస్తుంది. తెలిశాక అతన్ని మీరు తిట్టుకోవచ్చు. అతను ఇప్పటికే తిట్టుకుంటున్నాడు.

మళ్లీ మళ్లీ వచ్చే అభ్యర్థులకి బోర్డు ఒక ప్రత్యేక ఫారం ఇస్తుంది. "గత పర్యాయము విఫలమగుటకు కారణములు, తదుపరి అభ్యర్థి సాధించిన అభివృద్ధి" అని అందులో రెండు గళ్లు. కారణం బోర్డుకి మాత్రమే తెలుసు, రాయాల్సింది అభ్యర్థి. మొదటిసారి తక్కువ మాట్లాడాను కాబోలనుకుని, రెండోసారి పక్కవాణ్ని అడిగిన ప్రశ్నకి కూడా తనే జవాబు చెప్పాడు. మూడోసారి నవ్వుతూ ఊరుకున్నాడు. నాలుగోసారి నవ్వకుండా ఊరుకున్నాడు. ఐదోసారి మీసం తీసేశాడు. ఈ అభివృద్ధినంతా ఫారంలో నమోదు చేసి సంతకం పెట్టాడు.

ఆరోసారి పిలుపు వచ్చేనాటికి బోర్డు కొత్త ఉత్తర్వు ఒకటి జారీ చేసింది. "అభ్యర్థులలో శిక్షణా కేంద్రముల ప్రభావము మితిమీరినందున, ఇకమీదట సహజత్వమే ప్రధాన ప్రమాణముగా పరిగణింపబడును. శిక్షణ పొందినట్లు కనిపించిన అభ్యర్థి తిరస్కరింపబడును."

అది చదివిన ఎవరైనా ఇక కోచింగు సెంటర్లు మూతపడతాయనుకుంటారు. విశాఖలోని శౌర్యశిఖరం అకాడమీ యజమాని ప్రభంజన్ సార్ అది చదివి, పై అంతస్తు కూడా అద్దెకి తీసుకున్నాడు. అక్కడ "సహజత్వంలో నలభై ఐదు రోజుల కఠోర శిక్షణ" మొదలైంది.

ప్రభంజన్ సార్‌ని అందరూ కమాండర్ సార్ అంటారు. ఆయన సైన్యంలో ఏనాడూ పనిచెయ్యలేదు. తొమ్మిదిసార్లు బోర్డుకి వెళ్లి తొమ్మిదిసార్లూ బస్సెక్కాడు. "తొమ్మిది పర్యాయాల బోర్డు అనుభవం" అని గోడ మీద పెద్దక్షరాలతో రాయించాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"సహజంగా ఉండటమంటే ఎలా పడితే అలా ఉండటం కాదు" అన్నాడు కమాండర్ సార్ మొదటి క్లాసులో. "దానికో క్రమశిక్షణ ఉంది. నాలుగో ప్రశ్నకి ఒకసారి తడబడాలి. రెండుసార్లు తడబడితే పిరికితనం. అసలు తడబడకపోతే కోచింగు. ఆరో ప్రశ్నకి ఎడమ చెవి గోక్కోవాలి. ఎందుకు?"

"సహజం కాబట్టి సార్!" అని నలభై గొంతులు ఒక్కసారి పలికాయి.

"సార్, చెవి దురద పెట్టకపోతే?" అని సోములు అడిగాడు.

"సందేహం రావడం సహజమే. కానీ అది పదకొండో పాఠం. ఇది మొదటి పాఠం" అన్నాడాయన. తరవాత సోములు తెచ్చిన పాత ఫారం తీసి చూశాడు. "నాన్నగారి వృత్తి ఏమని రాస్తున్నావు?"

"మీరు మొదటిసారి నుంచీ చెబుతున్నట్టే సార్. ఆతిథ్య రంగం."

"అదే ఉంచు. టిఫిన్ సెంటరన్న మాట నోట్లోంచి రాకూడదు. ఇడ్లీ అన్న మరుక్షణం నువ్వు ఆఫీసరువి కావు, సర్వరువి. హాబీలు?"

"పర్వతారోహణ సార్."

"ఏ పర్వతం?"

"సింహాచలం. మెట్ల మీదుగా."

"మెట్లు తీసెయ్" అన్నాడు కమాండర్ సార్.

నిజానికి సోములు హాబీ పొయ్యి. పన్నెండో ఏటి నుంచీ బడికి వెళ్లే ముందు వాళ్ల నాన్న పక్కన నిలబడి పనిచేస్తున్నాడు. ఏ చప్పుడొస్తే గ్యాసు లీకవుతున్నట్టో, నూనె భగ్గుమంటే నీళ్లెందుకు పొయ్యకూడదో, పొద్దున్న ఏడింటికి అరవై మంది ఒకేసారి అరుస్తుంటే ఎవరికి ముందు ప్లేటు పెడితే గొడవ సద్దుమణుగుతుందో అతనికి బాగా తెలుసు. ఇవేవీ ఆఫీసరు లక్షణాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో సాధన జోరుగా సాగింది. తల్లి పైడమ్మ గారెలు వేస్తూ నోటికొచ్చిన మాట అంటుంది. పదిహేను సెకన్లలో అతను దానితో ఆశావహమైన వాక్యం చెప్పాలి.

"ధైర్నం" అంది పైడమ్మ.

"ధైర్యవంతుడు లక్ష్యాన్ని చేరుకుంటాడు."

"పచ్చిమిరపకాయ."

"పచ్చిమిరపకాయ... జట్టు స్ఫూర్తిని పెంపొందిస్తుంది."

పిండి కలుపుతున్న సూరన్న చెయ్యి ఆగిపోయింది. "ఏట్రా, మిరపకాయ పెంచుతాదేటి? నా దుకానంలో అది దెబ్బలాటలు పెంచడమే నాను సూసినాను." మళ్లీ పిండిలో చెయ్యి పెట్టి అన్నాడు. "ఒరే సోములూ, ఈ పాలి ఎల్లినప్పుడైనా మన ఓటలు సంగతి ఆలకి సెప్తావేట్రా?"

వెళ్లిన ప్రతిసారీ సూరన్న అదే అడుగుతాడు. ఆ బోర్డు వాళ్లకి విజయనగరంలో తన హోటలుందని తెలిస్తే, ఎవరైనా ఇటు వచ్చినప్పుడు పెసరట్టు తిని వెళ్తారని ఆయన ఆశ.

"చెప్తాను నాన్నా" అన్నాడు సోములు. చెప్పనని అతనికి తెలుసు. ఆ అబద్ధం ఆడిన ప్రతిసారీ అతనికి తనమీద తనకే రోత పుట్టేది. అయినా ఆడాడు. నాన్నని "సర్" అనిపించాలంటే ముందు నాన్నని దాచెయ్యాలన్నది అతను కనిపెట్టిన యుద్ధ వ్యూహం.

బోర్డు హాల్లో ఈసారి నలుమూలల నుంచి వచ్చిన నలభైమందీ మహా సహజంగా కూర్చున్నారు. దేశంలో ప్రతి ఊళ్లోనూ ఒక కమాండర్ సార్ ఉన్నాడు కాబోలు. పరీక్షాధికారి ముందు సూచనలు చదివి, తరవాత అందరినీ ఉమ్మడిగా ప్రశ్నలు అడిగాడు. నాలుగో ప్రశ్నకి హాలంతా ఒకసారి తడబడింది. ఆరో ప్రశ్నకి నలభై ఎడమ చేతులు లేచి నలభై ఎడమ చెవులు గోకాయి. అధికారి ఒక క్షణం నివ్వెరపోయి, తన ఎడమ చెవి కూడా తడుముకుని, నోటుపుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

తరవాత అరవై పరిస్థితుల పరీక్ష పెట్టారు. అరవై ఆపదలు రాసిచ్చి, మీరైతే ఏం చేస్తారో అరగంటలో రాయమంటారు. ముప్పై నాలుగోది ఇలా ఉంది: "అతడు వంటశాలలో ఉండగా గ్యాసు గొట్టము అంటుకొన్నది. అతడు..." దీనికి అకాడమీ పుస్తకంలో మంచి జవాబు ఉంది. పరిస్థితిని ప్రశాంతంగా అంచనా వేసి, సహచరులను సమీకరించి, బాధ్యతలు పంచి, అధికారులకు నివేదించాలి. తొందరలో సోములుకి అది గుర్తు రాలేదు. చెయ్యి దానంతటదే, "తడి గోనె కప్పి రెగ్యులేటరు కట్టేస్తాడు. నీళ్లు పొయ్యనివ్వడు" అని రాసేసింది. పేజీ తిప్పాక నాలుక కరుచుకున్నాడు.

మర్నాడు మైదానంలో నది పరీక్ష పెట్టారు. సున్నంతో రెండు గీతలు గీసి, మధ్యలో ఉన్నది నది అన్నారు. ఎనిమిదిమంది ఒక జట్టు. సోములు చెస్ట్ నంబరు ఇరవై ఒకటి. పలక ఎక్కడ వెయ్యాలో తేలకముందే, నదికి అవతల ఉన్న మెస్సు వంటశాలలోంచి పొగ లేచింది. "ఆగ్! ఆగ్!" అంటూ, నిప్పంటుకుందని వంటవాడి హిందీ కేక వినిపించింది.

"మిత్రులారా" అన్నాడు నంబరు పద్దెనిమిది. "ఇది తప్పకుండా పరీక్షలో భాగమే. ముందు అందరి అభిప్రాయాలూ తీసుకుందాం."

"నాయకత్వానికి నేను సిద్ధమే, అయినా ముందు మీకు అవకాశం ఇస్తున్నాను" అన్నాడు నంబరు ఇరవై మూడు.

"అక్కడికి వెళ్లాలంటే మధ్యలో నది ఉంది" అని నంబరు పంతొమ్మిది గుర్తు చేశాడు. నిజమేనని అందరూ ఒప్పుకుని, పలకని డ్రమ్ముకి కట్టడం మొదలుపెట్టారు.

సోములు నదిలోంచి పరుగెత్తాడు. నీళ్లలో కాలు పెట్టినందుకు నిబంధన ప్రకారం మార్కులు పోతాయని అతనికి అవతలి గట్టు చేరాక గుర్తొచ్చింది. వంటశాలలో గొట్టం మండుతోంది, పక్కన బాణలిలో నూనె కాగుతోంది. వంటవాడు నిండు బకెట్టు ఎత్తి పట్టుకున్నాడు.

"ఓరినాయనో, నీలు పొయ్యకండి! నూనుంది! దూరం జరగండి!" అని సోములు తెలుగులో అరిచాడు. వంటవాడికి ఒక్క ముక్క తెలియకపోయినా అంతా అర్థమైంది. బంగాళాదుంపల గోనె ఆ బకెట్టులోనే ముంచి మంట మీద కప్పి, సోములు రెగ్యులేటరు తిప్పేశాడు. వంటవాడి కాలిన చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టి, "గొట్టం మార్సి ఎన్నాలయింది? ఇలగేనా సూసుకోడం?" అని వాళ్ల నాన్న గొంతుతో చీవాట్లు పెట్టాడు. వంటవాడు వయసులో పెద్దాయనే అయినా తలొంచుకుని విన్నాడు.

అప్పటికి జట్టు నదిని పద్ధతి ప్రకారం దాటి వచ్చింది. ఒక్క కాలూ తడవలేదు. మంట ఆరిపోయిందని తెలుసుకుని ఒకరినొకరు అభినందించుకున్నారు. మైదానం అధికారి గీత పక్కన నిలబడి రాసుకుంటూనే ఉన్నాడు.

నాలుగేళ్లలో మొదటిసారి సోములు ఆ సాయంత్రం తనెవరో తనకి గుర్తున్నట్టు అన్నం తిన్నాడు. ఈసారి నంబరు చదువుతారని నమ్మాడు కూడా.

ఐదో రోజు బోర్డు అధ్యక్షులవారి ముందు కూర్చోబెట్టారు. బల్ల మీద పాతవి ఐదు ఫైళ్లు, కొత్తది ఒకటి ఉన్నాయి. ఆయన ఇంగ్లీషులోనే మాట్లాడాడు. ఆ ఠీవి చెడకుండా తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది.

"ఇరవై ఒకటవ నంబరు. ముప్పై నాలుగవ పరిస్థితికి నీవు లిఖితపూర్వకముగా ఇచ్చిన జవాబును, మరునాడు వంటశాలయందు యథాతథముగా అమలు చేసితివి. వాస్తవమేనా?"

"అవును సార్."

"ఈ బోర్డు చరిత్రలో వ్రాసినది వ్రాసినట్లు చేసిన అభ్యర్థి లేడు. ఇంతటి పొందిక తీవ్రమైన శిక్షణ లేనిదే సాధ్యము కాదు. ఏ కేంద్రమున అభ్యసించితివి?"

"కేంద్రం కాదు సార్. మా నాన్నకి టిఫిన్ సెంటరుంది."

ఆ మాట వచ్చేసింది. వచ్చాక ఇక ఆగలేదు. పొయ్యి గురించి, పిండి గురించి, రెండేళ్లకోసారి గొట్టం మార్పించే నాన్న గురించి, ఆ రోజు "థాంక్యూ సర్" అని వెళ్లిన ఆఫీసరు గురించి చెప్పుకుపోయాడు. నాలుగో ప్రశ్నకి తడబడలేదు, ఆరో ప్రశ్నకి చెవి ముట్టుకోలేదు. ఎన్నో ప్రశ్నో లెక్కపెట్టడం కూడా మరిచిపోయాడు.

అధ్యక్షులవారు ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచారు. "మొదటి పర్యాయము, తండ్రి వృత్తి ఆతిథ్య రంగము. రెండవ పర్యాయము, ఆతిథ్య రంగము. మూడవ పర్యాయము, ఆతిథ్య రంగమున ప్రముఖులు. ఐదింటిలోనూ లేని టిఫిన్ సెంటరు ఆరవ పర్యాయమున ఎట్లు వెలసినది?"

"నేనే దాచాను సార్."

"ఎందులకు?"

"సిగ్గుపడి."

పక్కనున్న మనస్తత్వ నిపుణుడు తలాడించాడు. "శిక్షణా కేంద్రముల స్థాయి మిక్కిలి పెరిగినది. పొయ్యి, తండ్రి, గోనెసంచి, తుదకు సిగ్గు. హృదయమునకు హత్తుకొనునట్లు కూర్చినారు."

"ఈ మారు అభ్యర్థి లేశమంతైనను లోపము లేకుండ సహజముగా ఉన్నాడు" అని అధ్యక్షులవారు ఫైలు మూసేశారు. "మా అభ్యంతరము అదియే."

బస్సు దగ్గరికి వంటవాడు కట్టు కట్టిన చేత్తో పూరీల పొట్లం తెచ్చి ఇచ్చాడు. డ్రైవరు ఈసారి మళ్లీ ఎప్పుడొస్తారని అడగలేదు. స్టేషన్లో దింపి సెల్యూట్ చేశాడు. ఆ బోర్డులో సోములుకి దక్కిన సెల్యూట్ అదొక్కటే.

ఇంటికొస్తే సూరన్న అడిగాడు. "సెప్పినావేట్రా?"

"చెప్పాను నాన్నా. నమ్మలేదు."

"మనకి ఓటలుందంటే నమ్మలేదా?" సూరన్న పప్పులో చెయ్యి పెట్టి చూశాడు. "మరి ఆలు యుద్దంలో ఎవులు సెప్పింది నమ్ముతారురా? సర్లే, పప్పు నానింది. రుబ్బు."

పదిహేను రోజులు తిరక్కుండా కమాండర్ సార్ విజయనగరం వచ్చాడు. బోర్డులో మంట సంగతి, టిఫిన్ సెంటరు సంగతి ఆయన చెవిన పడ్డాయి. ఆయన ఆలోచన ఆయనది. ఆరు ఫైళ్లున్నవాడు చెబితే కోచింగు అయింది, ఒక్క ఫైలూ లేనివాడు చెబితే సహజత్వం అవుతుంది. అకాడమీ పుస్తకానికి నాలుగో సంపుటం అచ్చయిపోయింది: "టిఫిన్ సెంటరు – ఒక సహజ నేపథ్యం." ప్రాక్టికల్స్ కోసం కొత్త విద్యార్థుల్ని పదిమందిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. సోములుకి అధ్యాపక పదవి ఇచ్చాడు. గోడ మీద "ఆరు పర్యాయాల అనుభవం" అని రాయిస్తానన్నాడు. సోములు ఒప్పుకున్నాడు. ఆఫీసరు కాలేనివాడు ఆఫీసర్లని తయారు చెయ్యాలి కదా, దేశానికి ఇంకో దారి ఏముంది.

ఆ నెల హోటల్లో పనివాళ్ల కొరత రాలేదు. పెద్ద పెద్ద ఇళ్ల పిల్లలు పొద్దున్నే వచ్చి ఉల్లిపాయలు తరిగారు, పిండి రుబ్బారు, తడి గోనె కప్పడం సాధన చేశారు. వాళ్లలో నిహాల్ అని విశాఖలో గుండె డాక్టరు గారబ్బాయి ఒకడు. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుందని మొదటిసారి విని ఆశ్చర్యపోయాడు గానీ, నేర్చుకున్నది మరిచిపోయే రకం కాదు. సూరన్నని చినాన్నా అని పిలిచేవాడు. సూరన్నకి ముచ్చటేసేది.

"'మా చినాన్న టిఫిన్ సెంటర్లో పెరిగాను' అన్నావు బానే ఉంది. అంత ధీమాగా అనకు" అని దిద్దాడు సోములు. "కాస్త సిగ్గుపడుతున్నట్టు చెప్పు."

"సిగ్గెలా పడాలన్నా?"

సోములు చేసి చూపించాడు. కళ్లు దించి, గొంతు తగ్గించి, ఆ మాట ముందర చిన్న విరామం ఇచ్చాడు. దేశంలో ఆ పాఠం అంత బాగా చెప్పగలిగినవాడు ఇంకొకడు లేడు.

నిహాల్ మొదటిసారికే ఎంపికయ్యాడు. స్వీట్ల డబ్బా పట్టుకుని నేరుగా హోటలుకే వచ్చి, సూరన్న కాళ్లకి దణ్ణం పెట్టాడు. "అధ్యక్షులవారు ఏమన్నారో తెలుసా అన్నా? ఇట్టి సహజత్వము ఇటీవల కానరాలేదన్నారు. మన పెసరట్టు గురించి కూడా అడిగారు!"

సూరన్న మొహం వెలిగిపోయింది. నాలుగేళ్లుగా ఆయన ఎదురుచూసిన కబురు అదే. సోములుకి కడుపు మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు.

"ఆడు సెప్పినాడు సూసినావా?" అన్నాడు సూరన్న కొడుకు వైపు తిరిగి. గొంతులో కోపం లేదు. "నువ్వైదు పాలీలు దాసినావు. ఆడొక్క పాలి సెప్పినాడు. తప్పు బోర్డుదేట్రా?"

సోములు స్వీట్ల డబ్బాకి మూత పెట్టాడు.

"అన్నా, ఒక ఫోటో కావాలి" అన్నాడు నిహాల్ ఫోను చాపుతూ. "పూర్వాపరాల విచారణకి పంపాలట. చినాన్నా, పొయ్యి దగ్గర నిలబడదాం."

సోములు ఫోను అందుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. అట్లకాడతో సూరన్న, ఆయన భుజం మీద చెయ్యేసి నిహాల్. ఎడమ చెవి గోక్కోవాలని ఎవరూ చెప్పకపోయినా సూరన్న చెమట పట్టిన ఎడమ చెవి తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"నువ్వూ రారా" అన్నాడు సూరన్న.

"నాకెందుకు నాన్నా, నువ్వు ఇటు చూడు" అని సోములు నొక్కాడు.

ఫోటో చాలా బాగా వచ్చింది. అందులో వాళ్లిద్దరూ అచ్చం తండ్రీకొడుకుల్లాగే ఉన్నారు. అలాంటిది సోములు దగ్గర ఒక్కటి కూడా లేదు. ఎలా ఉంటుంది? ఆ నాలుగేళ్లూ ఫారాల్లో అతని నాన్న ఆతిథ్య రంగంలో ఉన్నాడు.